పదకొండు అరఠావులు

మా మేడమీద అద్దెకుండే తాతగారి గదిలో ఏ కాగితం ముట్టుకున్నా చేతికి కలరా ఉండల వాసన అంటుకునేది. సబ్బుతో కడుక్కున్నా ఒక పట్టాన పోయేది కాదు. అమ్మ కంచం పెడుతూ "మళ్లీ పైకెళ్లావా?" అనేది. వెళ్లకుండా ఎలా ఉంటాను? ఆ గదిలో మూడు ట్రంకుపెట్టెలు, ఒక అద్దాల బీరువా, మంచం కింద చెక్కపెట్టెలు రెండు. అన్నీ ఒకే ఒక్క మనిషికి సంబంధించిన కాగితాలే. ఆ మనిషి విశ్వనాథ సత్యనారాయణ.

బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు. ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు పరిచిన చోట అప్పట్లో రైలు పట్టాలుండేవి. రైలు వెళ్లినప్పుడల్లా బీరువా అద్దాలు సన్నగా మోగేవి. తాతగారు చెప్తున్న మాట ఆపి, రైలు దాటిపోయాక ఆపిన అక్షరం దగ్గరే మళ్లీ అందుకునేవారు. ఉద్యోగమంతా రైళ్లలో గడిచిన మనిషికి అది అలవాటు. ఆర్‌ఎమ్మెస్‌లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టర్‌గా చేసి రిటైరయ్యారు. రాత్రంతా కదిలే పెట్టెలో నిలబడి, గుడ్డి దీపం కింద ఉత్తరాల మీది ఊళ్ల పేర్లు చదివి గూళ్లలో పడెయ్యడం ఆయన పని. తెల్లారి అవతలి ఊళ్లో దిగి, విశ్రాంతి గదిలో నిద్రపట్టక ఎవరో వదిలేసిన పుస్తకం తెరిచారట. అది విశ్వనాథ నవల వేయిపడగలు. మొదటి పుటలు చిరిగిపోయి ఉన్నాయట. "సుబ్బన్నపేట ఎక్కడుందో తెలియకుండానే ఆ ఊళ్లో దిగానమ్మాయ్" అనేవారు. ఆ చిరిగిన పుస్తకం ఎవరిదో కనుక్కుని మరీ తిరిగిచ్చేశారు. తన సొంత ప్రతి కొనుక్కున్నారు. ఆయన సేకరణకి అదే మొదలు.

నాకు పద్నాలుగేళ్లు అప్పటికి. విశ్వనాథ అంటే పాఠ్యపుస్తకంలో కవి. ఆయన నవలలు రాశాడనీ, అవి అరవైకి దగ్గరగా ఉన్నాయనీ ఆ గదిలోనే తెలిసింది. 1895లో కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, బందరులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి దగ్గర చదువుకుని, గుంటూరు, బెజవాడ, కరీంనగరం కళాశాలల్లో పాఠాలు చెప్పి, 1970వ సంవత్సరపు జ్ఞానపీఠం తెలుగుకి మొదటిసారి తెచ్చిన మనిషి జీవితం అంతా ఆ పెట్టెల్లో వరస తప్పకుండా సర్ది ఉండేది. తాతగారు పుస్తకంలా చెప్పేవారు కాదు. ఒక వస్తువు తీసేవారు. దాని వెనకాల ఉన్నది చెప్పేవారు.

విశ్వనాథ నవల ఏకవీర అచ్చయిన భారతి సంచికలు తీసి వాసన చూడమనేవారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో పెట్టిన పత్రిక కదా, ఆ కాగితం మద్రాసు నుంచి వచ్చిందని, గాలిలో ఉప్పు తిన్న కాగితమని ఆయన నమ్మకం. నాకు మాత్రం కలరా ఉండలే తగిలేవి. ఆ సంచికల పక్కనే 1969లో వచ్చిన ఏకవీర సినిమా పాటల పుస్తకం ఉండేది. సినిమా హాలు బయట అమ్మేవారే, పల్చటి కాగితం మీద, మధ్యలో మడతపెట్టి పిన్ను కొట్టినది. ముఖచిత్రం మీద రామారావు, కాంతారావు. ఒక పెద్ద సాహిత్య పత్రికని, చిల్లర పైసలకి కొన్న పాటల పుస్తకాన్ని ఒకే అట్టపెట్టెలో ఎందుకు పెట్టారని అడిగాను. "రెండూ ఏకవీరేగా?" అన్నారు. ఆ జవాబు నాకు అప్పుడు సరిపోలేదు. ఇప్పుడు ఎక్కడైనా ఒక రచయిత కాగితాలని గొప్పవి, చిన్నవి అని విడదీసి పెట్టారంటే ఆ అట్టపెట్టే గుర్తొస్తుంది.

సార్టింగు ఉద్యోగం ఆయన కళ్లకి ఒక విద్య నేర్పింది. తేదీ లేని కాగితం వయసు చెప్పడం. పాత నవల లోపలి పుటలో వెల చూపించేవారు. రూపాయలు, అణాలు, పైలు మూడు అంకెల్లో వేసి ఉంటే అది 1957 ఏప్రిల్‌కి ముందరి ముద్రణ. దశాంశ నాణేలు వచ్చింది అప్పుడే. నయాపైసలని ఉంటే 1957కీ 1964కీ మధ్య. ఉత్తి పైసలైతే ఆ తర్వాతది. ఇన్‌లాండ్ ఉత్తరం మీద 1948 అని ఎవరైనా తేదీ రాసి అమ్మజూపితే నవ్వి పంపించేసేవారు, ఇన్‌లాండ్ కవరు పుట్టిందే 1950లో అని. కార్డు మీద అచ్చేసిన బిళ్ల ఖరీదు చూసి, అది ఏ ఏడాదికి ముందు పోస్టులో పడి ఉండదో చెప్పేవారు. నాకు ఇదంతా గారడీలా ఉండేది. ఆయన ప్రతిసారీ కాగితం నా చేతికిచ్చి "నువ్వే చెప్పు" అనేవారు.

ఆయన యూనియన్ మనిషి. సమ్మెలు చేసి జీతం కోత పడ్డ రోజులున్నాయి. చూడ్డానికొచ్చే పాత స్నేహితులు "నీకూ ఆ సనాతనికీ ఎక్కడ కుదిరిందయ్యా?" అని దెబ్బలాడేవారు. విశ్వనాథ అభిప్రాయాలతో నాకూ పేచీలున్నాయి. కులం గురించీ, ఆడవాళ్ల చదువు గురించీ, కొత్త కాలం గురించీ ఆయన నవలల్లో కనిపించే చూపు నన్ను ఇప్పటికీ నొప్పిస్తుంది. తాతగారు ఆ వాదనలో దిగేవారు కాదు. లేచి వెళ్లి ఒక పత్రిక కత్తిరింపు తెచ్చేవారు. విశ్వనాథ పోయినప్పుడు శ్రీశ్రీ రాసిన స్మృతి గీతం. జీవితమంతా ఎదురుబొదురుగా నిలబడిన ఇద్దరిలో ఒకరు రెండోవారి కోసం రాసినది. స్నేహితుడి ముందు పెట్టి "చదువు" అని ఊరుకునేవారు. వాళ్లు చదివి కాసేపు మాట్లాడేవారు కాదు. మామ్మగారు కాఫీలు తెచ్చాక మాట మారేది.

ఆ కత్తిరింపు ఉన్న ఫైలులోనే 1976 అక్టోబరు 19 నాటి దినపత్రిక ఉండేది. ముందురోజు విశ్వనాథ పోయిన వార్త. దాన్ని తాతగారు ఎప్పుడూ విప్పలేదు. మడత మీదే ఉంచారు. విప్పితే మడత దగ్గర విరిగిపోతుందని పైకి చెప్పేవారు. అది నిజమే, న్యూస్‌ప్రింటు అంత హీనమైన కాగితం ఇంకోటి లేదు. చెక్కగుజ్జులో ఉండే పదార్థం ఎండకీ గాలికీ పుల్లబడి, పసుపెక్కి, ఆఖరికి అప్పడంలా విరుగుతుంది. కానీ ఆయన విప్పకపోవడానికి కారణం అదొక్కటే అని నేననుకోను.

అన్నింటికన్నా పైన ఉన్న పెట్టెలో, తెల్ల గుడ్డలో చుట్టి, ఆ పదకొండు కాగితాలు.

అరఠావు సైజు. ఒకవైపే రాసినవి. నీలి నలుపు సిరా. 43 నుంచి 53 వరకు పుటల అంకెలు. పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. చిత్తుకాగితాల కొట్టులో ఒక జమాఖర్చుల పుస్తకం మధ్య దొరికాయట, తూకానికి కొన్నారు. మొదటి వాక్యం చదవగానే కొట్టువాడి ముందే నేలమీద కూలబడ్డానని చెప్పేవారు. ఎవరి వాక్యమో తెలిసిపోయిందట. ఒక మాట మొదలుపెట్టి, దారిలో ఇంకో విషయం తగిలితే అక్కడ ఆగి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, మళ్లీ వచ్చి మొదటి మాట చెయ్యి పట్టుకునే నడక. నడక ఆయనదే. చేతిరాత మాత్రం ఆయనది కాదు.

ఇక్కడే నాకు అసలు పాఠం మొదలైంది. విశ్వనాథ నవలల్లో చాలావాటిని కూర్చుని రాయలేదు. చెప్తుంటే పక్కనున్నవాళ్లు రాశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి వేయిపడగలు అలాగే తయారైంది. ఆయన చెప్తూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాశారు. ఇరవై తొమ్మిది రోజుల్లో ముగించారని అందరూ చెప్పుకునే మాట. ఆ బహుమతిని వేయిపడగలకీ, అడివి బాపిరాజుగారి నారాయణరావుకీ పంచి ఇచ్చారు. తాతగారికి ఆ పోటీ కన్నా, బహుమతి కన్నా, తమ్ముడి చెయ్యి మీదే ధ్యాస. "అంత పుస్తకం రాసి ఆ చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో ఎవరైనా అడిగారా?" అనేవారు. వెయ్యి పుటల నవల గురించి ఆ ప్రశ్న ఇంకెవరూ అడగ్గా నేను వినలేదు.

"ఇది చూసి రాసింది కాదు, విని రాసింది" అని ఎలా చెప్పగలరు? అది కూడా నాచేతే చెప్పించారు. ముందు ఒక పాఠం నన్ను చూసి రాయమన్నారు. తర్వాత ఆయన చదువుతుంటే రాయమన్నారు. రెండింట్లోనూ నా తప్పులు లెక్కపెట్టారు. చూసి రాసినప్పుడు ఒక మాట రెండు వరసల్లో వస్తే, నా కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి దూకేసింది, మధ్యలో వరస ఎగిరిపోయింది. విని రాసినప్పుడు వరసలు పోలేదు, అక్షరాలు పోయాయి. ళకారం లకారమైంది. శకారం సకారమైంది. ఒత్తులు జారిపోయాయి. ఒకచోట విన్నమాటకి బదులు దానిలాగే వినిపించే ఇంకో మాట రాశాను. "కన్ను చేసే తప్పు వేరు, చెవి చేసే తప్పు వేరు" అన్నారు తాతగారు. ఆ పదకొండు కాగితాల్లో ఉన్నవన్నీ చెవి చేసిన తప్పులే. ఒక్క వరసా పోలేదు. ఆలోచించి కొట్టేసిన మాట ఒక్కటీ లేదు. సగం రాసి, సరిగ్గా వినిపించాక పైన దిద్దిన మాటలు ఉన్నాయి. 46వ పుటలో వరసలు పైకి ఏటవాలుగా లేచిపోయాయి. చెప్పేవాడు జోరందుకున్నాడన్నమాట. 50వ పుట కింద ఒక పెద్ద సిరా చుక్క. చెప్పేవాడు ఆగాడు, రాసేవాడు కలం కాగితానికి ఆనించి కాచుకున్నాడు. ఎంతసేపు ఆగారో, ఎందుకు ఆగారో. కాఫీ వచ్చిందో, ఎవరైనా తలుపు తట్టారో. నేను ఆ చుక్కని వేలితో తాకబోతే, తాతగారు నా వేలు పట్టుకుని చుక్కకి పైగా, తగలకుండా, గాలిలో తిప్పించారు.

ఇంతకీ అది ఏ నవల? ఆయనకి తెలియలేదు. దొరికి అప్పటికి ఆరేళ్లు. రిటైరయ్యాక కళ్లలో శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అయింది కానీ ఎక్కువసేపు చదివితే నీళ్లు కారేవి. బీరువాలో విశ్వనాథ నవలలు నలభై ఆరున్నాయి. మిగిలినవి అచ్చులో లేవు. 1989 వేసవి సెలవులు. నా తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. "నీ కళ్లు నాకు అప్పిస్తావా?" అని అడిగారు.

అలా మొదలైంది. రోళ్లు పగిలే ఎండ, మేడమీద రేకుల వరండా. మామ్మగారు గోనెపట్టా తడిపి కిటికీకి కట్టేవారు. నేను రోజుకో నవల. కథ కోసం కాదు, 43వ కాగితం మొదటి వాక్యం కోసం. అయినా కథలోకి జారిపోయేదాన్ని. పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు వరసగా చదివాను. నాస్తికధూమము, ధూమరేఖ, నందోరాజా భవిష్యతి. తర్వాత కాశ్మీర రాజవంశ నవలలు ఆరు. పాతిపెట్టిన నాణెములు, మిహిరకులుడు, భ్రమరవాసిని. నేపాళ రాజవంశ నవలల పేర్లు చూసి నవ్వొచ్చింది, అంత ముచ్చటగా ఉన్నాయి. దిండు క్రింది పోకచెక్క, చిట్లీ చిట్లని గాజులు, దంతపు దువ్వెన. ఇంత పెద్దాయన ఇలాంటి పేర్లు పెట్టాడా అని. బీరువాలో లేనివాటి కోసం రామ్మోహన గ్రంథాలయానికి వెళ్లాం, ఏలూరు రోడ్డు ఫుట్‌పాత్‌ల మీద పాతపుస్తకాల వాళ్ల దగ్గర కూర్చున్నాం. తాతగారు గొడుగు పట్టేవారు, నేను పుస్తకం తిరగేసేదాన్ని. కొట్టువాళ్లందరికీ ఆయన తెలుసు. "విశ్వనాథంగారొచ్చారు" అనేవారు ఆయన్ని చూసి. అది ఆయన పేరు కాదు. అయినా ఎప్పుడూ దిద్దలేదు.

మే నెల ఆఖర్లో దొరికింది. నేపాళ నవలల్లో ఒకదాని మధ్యలో, మధ్యాహ్నం మూడింటికి. చదువుతూ పోతుంటే కళ్లకి తెలిసిన వాక్యం తగిలింది. రెండుసార్లు చదివాను, మూడోసారి పైకి చదివాను. తాతగారు పడకకుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. నేను వాక్యం సగంలో ఉండగా మిగతా సగం ఆయన అందుకున్నారు. పదకొండు కాగితాలూ ఆయనకి కంఠతా వచ్చేసి ఉన్నాయి అప్పటికే. నేను పుస్తకంలోది చదువుతున్నాను, ఆయన కాగితంలోది చెప్తున్నారు. ఒక్కోచోట తేడా వచ్చినప్పుడు ఇద్దరం ఒకేసారి ఆగేవాళ్లం. తేడా ముద్రారాక్షసమో, రాసినవాడి చెవి పొరపాటో తేల్చేదాకా ముందుకి వెళ్లేవాళ్లం కాదు. చీకటి పడింది. మామ్మగారు లైటు వేసి, మా ఇద్దరి మొహాలు చూసి, ఏమీ అడక్కుండా కిందకి వెళ్లి అమ్మతో చెప్పొచ్చారు, పిల్ల భోజనం ఇక్కడే అని.

ఆ సంబరంలోనే నేను చెయ్యకూడని పని చేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, ఒక మాట సరిచూద్దామని గుడ్డ విప్పి 47వ కాగితం తీశాను. తడిచేత్తో తీశాను. కుడి అంచు నుంచి బెత్తెడు మేర చిరిగిపోయింది. గుండె జారిపోయింది. కిందకి పరిగెత్తి, తమ్ముడి సంచీలోంచి సెల్లోటేపు తెచ్చి, రెండు వైపులా అతికించాను. తళతళలాడుతూ బాగానే ఉందనిపించింది. తాతగారు పుస్తకాలు అతికించేటప్పుడు మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, పల్చటి కాగితం వేసి అతికించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఎందుకంత శ్రమపడతారో నాకు తెలియదు. టేపులోని జిగురు ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకి తిరిగి, కాగితంలోకి ఇంకి, అక్షరాన్ని మసకబారుస్తుందని నాకెవరు చెప్పారు?

ఆయన వచ్చి చూశారు. కాగితం వెలుగుకెత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. టేపు పీకితే సిరా కూడా వచ్చేస్తుందని ఆయనకి తెలుసు. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆయన కోప్పడలేదు. "రిజిస్టరు తియ్యి" అన్నారు.

రిజిస్టరు గురించి చెప్పలేదు కదూ. నల్ల కాలికో అట్ట, మూడువందల పుటలు. ఆ పెట్టెల్లో ఉన్న ప్రతి కాగితానికీ ఒక వరస. ఏమిటి, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతి మీదుగా, ఎప్పుడు చేరింది, ఇప్పుడెలా ఉంది. మెయిల్ సంచులకి రాసే పట్టీల అలవాటే ఇది కూడా. ఆయన చెయ్యి వణుకు వల్ల రాయలేకపోయేవారు, అందుకని ఆయన చెప్తుంటే నేను రాసేదాన్ని. తరిగిన కూరగాయలు పేర్చినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పేవారు. "కామా" అని కూడా నోటితో చెప్పేవారు. ఆ రోజూ చెప్పారు. "47వ పుట. కామా. కుడి అంచున చిరుగు. కామా. సెల్లోటేపు వేయబడినది. 1989 మే." నేను ఏడుస్తూనే రాశాను. ఎవరు వేశారన్న గడి దగ్గరికి వచ్చాక ఆయన ఆగారు. కలం ఆనించి కాచుకున్నాను. "అది ఖాళీగా ఉండనీ" అన్నారు.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఒకాయన వచ్చాడు, విశ్వనాథ వాడిన కలం అమ్ముతానని. ముచ్చటైన కలమే, మూత మీద బంగారు గీత. మామ్మగారు కూడా కొనమన్నట్టు చూశారు. తాతగారు రెండు ప్రశ్నలడిగారు. ఇది మీకెవరిచ్చారు, వాళ్లకెవరిచ్చారు? మొదటిదానికే ఆయన తడబడ్డాడు. కాఫీ ఇచ్చి పంపించారు. "ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పలేని వస్తువు ఎంత గొప్పదైనా ఉత్త వస్తువేనమ్మాయ్" అన్నారు నాతో. "అయినా చెప్పి రాయించిన మనిషికి కలంతో ఏం పని?" ఆయన దగ్గర విశ్వనాథ సంతకం ఉన్న పోస్టుకార్డు ఒక్కటే ఉండేది. ఎవరో పాఠకుడికి పంపిన జవాబు. అందులోనూ సంతకం మాత్రమే విశ్వనాథది, పై నాలుగు వరసలూ వేరెవరి రాతో. చూడ్డానికొచ్చినవాళ్లంతా సంతకం చూసేవారు. తాతగారు ఆ నాలుగు వరసలే చూపించేవారు. ఆ చేతిరాత, పదకొండు కాగితాల్లోని చేతిరాత ఒకటేనా అని ఎన్నోసార్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. కాదు. అవి రెండు వేర్వేరు చేతులు.

1991 జూన్‌లో పి.వి. నరసింహారావుగారు ప్రధానమంత్రి అయిన రోజు తాతగారు వీధిలో అందరినీ పిలిచి బీరువాలోంచి ఒక హిందీ పుస్తకం తీసి చూపించారు. సహస్రఫణ్. వేయిపడగలకి పి.వి. చేసిన హిందీ అనువాదం. తాతగారికి హిందీ రాదు. ఊళ్ల పేర్లు చదివేటంత వచ్చు, అంతే. అయినా ఆ పుస్తకానికి బ్రౌన్ అట్ట వేసి, ఏడాదికోసారి ఎండలో పెట్టి, వేపాకు మధ్యలో ఉంచి కాపాడారు. ఆ రోజు ఆయన మొహం చూస్తే, ప్రధాని అయింది పి.వి. కాదు, వేయిపడగల నాయకుడు సుబ్బన్నపేట ధర్మారావు అన్నట్టుంది.

నేను చదువుకి హైదరాబాద్ వెళ్లాను. ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కనిపిస్తే ఆయనకి కార్డు రాసేదాన్ని, ఏ ముద్రణ, వెల ఏ లెక్కలో ఉంది, అట్ట ఎలా ఉంది. జవాబు మామ్మగారి చేతిరాతలో వచ్చేది. ఆయన చెప్తే ఆవిడ రాసేవారు. కామాలన్నీ వాటి చోట్లలో ఉండేవి.

1998లో ఆయన పోయారు. నేను వెళ్లేసరికి పన్నెండో రోజు. గదిలో జనం. హైదరాబాదులో ఉండే కూతురూ అల్లుడూ మామ్మగారిని తమతో తీసుకెళ్లాలి, ఇల్లు ఖాళీ చెయ్యాలి. వాళ్లది తప్పని నేననను. రెండు గదుల ఫ్లాటులో మూడు ట్రంకుపెట్టెలు ఎక్కడ పెడతారు? దినపత్రికలు కొన్ని అప్పటికే తూకానికి వెళ్లిపోయాయి. ఆ మడత విప్పని పత్రిక కూడా అందులోనే పోయింది. మామ్మగారు మాత్రం పై పెట్టె మీద కూర్చుని లేవలేదట, నేను వచ్చేదాకా. "నువ్వొచ్చి చూసి ఎక్కడికి పంపమంటే అక్కడికి" అన్నారు.

ఒకచోట అడిగితే, ఇవన్నీ అచ్చయినవేగా, మా దగ్గర ఉన్నాయి అన్నారు. ఇంకోచోట నవలలు ఉంచుకుని మిగతా కాగితాలు వద్దన్నారు. నవలలు ఎక్కడైనా దొరుకుతాయండీ, కాగితాలే ఉంచుకోండి అని బతిమాలాను. ఏకవీర పాటల పుస్తకం చూసి నవ్వినవాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు. ఆఖరికి ఒక చిన్న ఊరి గ్రంథాలయంలో, పెట్టెలు పెట్టెలుగానే, రిజిస్టరుతో సహా తీసుకుంటామన్నారు. మామ్మగారి తరఫున నేను సంతకం చేశాను. ట్రంకులు లారీ ఎక్కుతుంటే ఆవిడ కలరా ఉండల పొట్లం ఒకటి నా చేతిలో పెట్టి, ఇదీ వెయ్యి అన్నారు.

పోయిన ఏడాది ఆ ఊరి మీదుగా వెళ్లాల్సి వచ్చింది. గ్రంథాలయంలో కొత్తగా చేరిన కుర్రాడు, కాగితాలు స్కాన్ చేయిస్తున్నాడు. ఎంత శ్రద్ధగా చేస్తున్నాడో చెప్పలేను. చేతికి గ్లవుజులు, బల్లమీద తెల్లటి అట్ట, తుప్పు పట్టిన గుండుసూదులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేస్తున్నాడు. నేనెవరో చెప్పలేదు. పదకొండు కాగితాలు చూపించమన్నాను. తెల్లగుడ్డ మారింది, సిరా అలాగే ఉంది. 50వ పుట కింద చుక్క అలాగే ఉంది. 47వ పుటలో కుడివైపు, బెత్తెడు వెడల్పున, కాల్చిన బెల్లం రంగులో ఒక పట్టీ. టేపు పైపొర ఎప్పుడో రాలిపోయింది. జిగురు మాత్రం కాగితంలోకి దిగిపోయింది. దాని కింద నాలుగు మాటలు మసకగా ఉన్నాయి.

"ఇంత పాడు పని ఎవరు చేశారో మేడం" అన్నాడు ఆ కుర్రాడు, నిజంగా బాధపడుతూ.

"రిజిస్టరులో ఉంటుంది, చూడండి" అన్నాను.

తెచ్చాడు. కాలికో అట్ట మూలలు అరిగిపోయాయి. నా పద్నాలుగో ఏటి గుండ్రటి రాత పుట తర్వాత పుట. ఆ వరస దగ్గరికి వచ్చాం. కుడి అంచున చిరుగు, సెల్లోటేపు వేయబడినది, 1989 మే. నేను ఖాళీగా వదిలిన గడి ఖాళీగా లేదు. పెన్సిలుతో, వంకరటింకరగా, ఒక్కో అక్షరం ఒక్కో ఎత్తులో, ఆయన చేతిరాత. ఆ రిజిస్టరు మొత్తంలో ఆయన సొంతంగా రాసిన మాటలు అవే. ఆ కుర్రాడు చదవలేకపోయాడు. అక్షరం కూడబలుక్కుని నేను పైకి చదివాను.

"వేసినది: దీని ఆచూకీ కనిపెట్టిన పిల్ల."